పేరు మారిన కూరలు

ఫిజీ నుండి వచ్చి ఆస్ట్రేలియాలో స్థిరపడిన మన తెలుగు కుటుంబాలలో ఒక మాట తరచుగా వినిపిస్తుంది. "ఇక్కడ మన కూరలు దొరకవు" అని పెద్దలు అంటారు. కాని మేము విచారించి చూడగా వాటిలో చాలా భాగం ఇక్కడ దొరుకుచున్నవి. అవి వేరు పేర్లతో ఉన్నందున మనవారు గుర్తుపట్టలేకపోతున్నారు. పేర్లు ఎట్లు మారినవో తెలుసుకొంటే కూర దొరుకుతుంది, దానితో పాటు ఒక తెలుగు మాట కూడా తిరిగి వస్తుంది.

మన పూర్వీకులు 1903 నుండి 1916 వరకు మద్రాసు రేవులో ఓడలెక్కినారు. విశాఖపట్నం, గోదావరి, కృష్ణా, ఉత్తర ఆర్కాటు జిల్లాల నుండి వచ్చిన తెలుగువారు అందులో ఎందరో ఉన్నారు. ఐదేండ్ల గిర్మిట్ మీద, ఎక్కువగా సిడ్నీ నగరపు సి.ఎస్.ఆర్. కంపెనీ చెరకు తోటలలో పని చేసినారు. అన్నం తిని పెరిగిన వారికి రేషనులో గోధుమపిండి ఇచ్చినప్పుడు ఎంతో కష్టమైనది. గిర్మిట్ తీరిన పిమ్మట కౌలు పొలాలలో తమ కూరలు తామే పండించుకొన్నారు. అయితే కూలి లైనులలో అందరికీ అర్థమయ్యే భాష హిందీ అయినది. కూరలు నిలిచినవి గాని, పేర్లు కొన్ని హిందీలోకి, కొన్ని ఫిజీ భాషలోకి మారినవి. 1926లో స్థాపించిన సంగం, 1941లో స్థాపించిన ఆంధ్ర సంగం పాఠశాలలలో తెలుగు నేర్పినవి. కాని బడిలో అక్షరాలు నేర్చిన పిల్లలు వంటింట్లో హిందీ పేర్లే విన్నారు. 1987 సైనిక తిరుగుబాట్ల తరువాత సిడ్నీ, బ్రిస్బేన్, మెల్‌బోర్న్ నగరాలకు వచ్చినప్పుడు ఆ పేర్లనే వెంట తెచ్చుకొన్నాము.

మొదట కరివేపాకు సంగతి చూద్దాము. ఫిజీలో మనం దీనిని తేజ్ పత్తీ అంటాము. ఇక్కడి ఇండియా దుకాణంలో ఆ పేరు చెప్పి అడిగితే బిరియానీలో వేసే ఎండుటాకు ఇస్తారు. "కరివేపాకు" అన్నా, ఇంగ్లీషులో "కర్రీ లీఫ్" అన్నా మన ఆకు దొరుకుతుంది. సిడ్నీలో కుండీలో పెంచుకొనేవారు ఉత్తరపు గోడ పక్కన ఉంచండి, ఎండ ఇక్కడ ఉత్తరం నుండి వస్తుంది. చలికాలంలో ఆకులు పసుపుబారి రాలితే మొక్క చచ్చినదని పారవేయకండి. నీళ్లు తగ్గించి ఓపిక పడితే వసంతంలో మళ్లీ చిగురిస్తుంది. ఫిజీ నుండి గాని, ఇండియా నుండి గాని ఆకును, మొక్కను సంచిలో దాచి తేరాదు. నిమ్మ, నారింజ చెట్లను నాశనం చేసే తెగులును మోసే పురుగు కరివేపాకు మీద కూడా నివసిస్తుంది. ఒక రాష్ట్రం నుండి మరొక రాష్ట్రానికి మొక్కను తీసుకొనిపోయే ముందు కూడా నిబంధనలు తెలుసుకోవాలి.

ఇక గోంగూర. ఫిజీలో ఖట్టా భాజీ అన్నది ఇదే. ఆంధ్రదేశంలో గోగు కూర అను రెండు మాటలు కలిసి గోంగూర అయినది. తెలంగాణలో పుంటికూర అంటారు. ఈ జాతి మొక్కనే ఆస్ట్రేలియాలో రోజెల్లా అంటారు. క్వీన్స్‌లాండ్‌లో దాని ఎర్రని కాయ తొడిమెలతో జామ్ చేయడం పాత అలవాటు. వారు తొడిమె కోసుకొని ఆకును వదిలివేస్తారు, మనకు కావలసినది ఆ ఆకే! నేల వెచ్చబడిన తరువాత విత్తి, వేసవి అంతా లేత ఆకులు కోసుకోవచ్చు. పొద్దు తగ్గే రోజులలో పూత వస్తుంది, అంతకు ముందే పచ్చడికి ఆకు కోయాలి. ఎర్ర కాడ గోంగూరకు పులుపు ఎక్కువ.

మూడవది చేమ. మన డాలో దుంప, రౌరౌ ఆకు చేమ జాతివే. ఆంధ్రలో దుంప చిన్నదిగా ఉంటుంది. ఫిజీ డాలో ఇక్కడి అంగళ్లలో దొరుకుతుంది గాని, నాటితే మొలవకుండా పైభాగం కోసి పంపుతారు. చేమాకులో సూదుల వంటి సన్నని స్ఫటికాలుండి గొంతు దురద పెడుతుంది. కనుక బాగా ఉడికించాలి. ఫిజీలో కొబ్బరిపాలు పోస్తాము. తెలుగుదేశంలో చింతపండు పులుసు పోస్తారు, ఆ పులుపు దురదను తగ్గిస్తుంది.

తక్కినవి క్లుప్తంగా చెప్పుతాము. సైజన్ అంటే మునగ, తోరయి అంటే బీరకాయ, చిచిండా అంటే పొట్లకాయ, లౌకీ అంటే ఆనపకాయ, కరేలా అంటే కాకరకాయ, ఇమ్లీ అంటే చింతపండు. మునగ చెట్టు బ్రిస్బేన్ వెచ్చదనంలో చక్కగా పెరుగుతుంది. చలి ప్రదేశాలవారు దుకాణంలో గడ్డకట్టించిన కాయలు కొనుక్కోవచ్చు.

ఇటీవల ఆంధ్ర, తెలంగాణల నుండి వచ్చిన తెలుగువారు ఇక్కడ ఎక్కువగా ఉన్నారు. వారి ముందు "మాకు గోంగూర తెలియదు" అని మన పిల్లలు తల వంచుకొనవలసిన పని లేదు. వారి ముత్తవ్వ పెరటిలో అది పెరిగినదే. అట్లని ఖట్టా భాజీ అను పేరు విడిచిపెట్టమని మేము చెప్పుట లేదు, అది మనవారు పడిన కష్టాన్ని గుర్తుచేసే పేరు. రెండు పేర్లూ పిల్లలకు తెలియాలి.

మన ఇళ్లలో తెలుగు పేర్లు తెలిసిన అవ్వలు, తాతలు ఇంకా కొందరున్నారు. వచ్చే వారం కూరలు కొన్నప్పుడు వారి ఎదుట సంచి విప్పి, ఒక్కొక్క దాని పేరు అడిగి, పిల్లల చేత తెలుగు అక్షరాలలో వ్రాయించండి. ఆ కాగితాన్ని తెలుగు తరగతికి తెస్తే, మేము దానినే ఆనాటి పాఠంగా చెప్పుతాము.