తేలు చుట్టమే, దోమ కాదు

గూడూరు అనగానే పలువురకు నెల్లూరు సీమలోనిదే స్ఫురించును. నేను చెప్పునది కర్నూలు జిల్లాలోని చేనేత గూడూరు. ఇచటినుండి ఎమ్మిగనూరు, ఆదోని దారిని పడమరకు పోయినకొలది తెలుగునకు కన్నడము తోడగుచుండును. కుట్టు పురుగుల పేర్లలో ఈ రెండు భాషల చుట్టరికమును, ఎడమును గూడ చూడవచ్చును.

మన తేలు కన్నడమున చేళు. మన పేను హేను. పాత కన్నడపు పకారము హకారమైనదని ఎరిగిన విద్యార్థి రెండవదాని బంధుత్వమును తానే పట్టగలడు. దోమ సంగతి అట్లు కాదు. అది వారికి సొళ్ళె; నల్లి తిగణె, చీమ ఇరువె. కాటు మాత్రము ఇరువురకు నొక్కటే!

ఈగలన్నియు ఒకటి కావని పశువుల కాపరి ఎరుగును. పశువు నెత్తురు త్రాగునది జోరీగ. వేమన దానిని చెవిలో చేర్చుటచే బడిపిల్లలకును పరిచితమే. చర్మము నంటి పీల్చునది పిడుదు. ఇంటివాడుకలో దోమ మాత్రము వట్టి దోమయే. 1897 ఆగస్టు 20న సికిందరాబాదులో రోనాల్డ్ రాస్ మలేరియా క్రిమిని కనుగొన్నది మచ్చల రెక్కల దోమయందు. అన్ని దోమలును ఆ జ్వరమును మోయవు. ఈ భేదమును బోధింపబూనిన ఉపాధ్యాయునకు ఇంటిమాట చేతికందదు. ఆఫ్రికాలో పశువులకు చావు తెచ్చు ఈగను త్స్వానా భాషలో సెట్సీ అనిరి. లోకమంతట ఆ పేరే నిలిచినది.

భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున 1962లో వ్యవసాయ వృత్తిపదకోశము వెలువడినది. రైతుల నోటిమాటలకు గ్రంథగౌరవ మబ్బినది అట్లే. మీ తరగతిలో గొర్రెల కాపరి బిడ్డ యున్నచో, పిడుదును ఇంటిలో ఏమందురో అడిగి చూడుడు.