ఏరు రాకముందే బడి ఖాళీ కావాలంటే

1985 నవంబరు 13 రాత్రి తొమ్మిది దాటాక కొలంబియాలో నెవాడో డెల్ రూయిజ్ అగ్నిపర్వతం పేలింది. శిఖరం మీది మంచు కరిగి, బూడిదనూ రాళ్లనూ కలుపుకుని లోయల వెంట కిందికి ఉరికింది. లహర్ అనే ఈ బురద ప్రవాహం తడి కాంక్రీటులా చిక్కగా ఉంటుంది. అది ఆర్మెరో పట్టణాన్ని చేరడానికి రెండు గంటలకు పైనే పట్టింది. ముప్పు ఎక్కడుందో చూపే పటం నెల ముందే సిద్ధమైంది కూడా. అయినా ఊరు కదలలేదు. ఆ విపత్తులో దాదాపు 23,000 మంది చనిపోయారు.

మనకు లహర్ భయం లేదు. దేశంలో క్రియాశీల అగ్నిపర్వతం అండమాన్‌లోని బారెన్ దీవిలో మాత్రమే ఉంది. కానీ ఆర్మెరోకు అవసరమైన లెక్కే మున్నేరు ఒడ్డున ఉన్న మన కీసరకూ అవసరం. వరద ఇక్కడికి రావడానికి ఎంతసేపు పడుతుంది? బడిలోనో ఆసుపత్రిలోనో ఉన్న చివరి మనిషి మిట్టకు చేరడానికి ఎంతసేపు పడుతుంది?

వరంగల్ వైపు పుట్టిన మున్నేరు ఖమ్మం, పెనుగంచిప్రోలు దాటి కీసరకు వస్తుంది. వైరా, కట్టలేరు నీళ్లూ అందులోనే కలుస్తాయి. దిగువన కృష్ణ నిండుగా ఉంటే మున్నేరు నీరు దిగక ఎగదన్నుతుంది. 2024 సెప్టెంబరు మొదట్లో ఖమ్మంలో మున్నేరు ఉప్పొంగి కాలనీలను ముంచింది. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది. కీసరలో కేంద్ర జలసంఘం కొలత కేంద్రం ఉంది. అయితే మనుషులను తరలించడానికి ఆ గేజీ పెరిగేదాకా ఆగకూడదు. అది పెరిగిందంటే నీరు వచ్చేసినట్టే. కళ్లు ఎగువన, ఖమ్మం గేజీ మీద ఉండాలి. అక్కడి నీరు ఇక్కడికి రావడానికి గంటలు పడుతుంది. మన చేతిలో ఉన్న వ్యవధి అదే.

ఆ గంటలు ఎక్కడ పోతాయి? తలుపు దగ్గర కాదు. మీటరు వెడల్పు తలుపులోంచి తోపులాట లేకపోతే నిమిషానికి 70, 80 మంది బయటపడగలరు. అసలు ఆలస్యం ఫోన్లలో జరుగుతుంది. హెడ్‌మాస్టరు ఎంఈవో మాట కోసం, ఎంఈవో పైవారి మాట కోసం చూస్తుంటే గంట గడుస్తుంది. ఎగువన ఫలానా మట్టం దాటితే ఎవరినీ అడగకుండా పిల్లలను పంపే అధికారం హెడ్‌మాస్టరుకు ముందే రాసి ఇవ్వాలి. ప్రణాళికలో అన్నిటికన్నా ముఖ్యమైన వాక్యం ఇదేనని నా నమ్మకం.

ఇక ఎలా వెళ్లాలన్నది చూద్దాం. అమెరికాలో రైనియర్ అగ్నిపర్వతం కింద ఆర్టింగ్ అనే ఊరు పాత లహర్ మేట మీదే ఉంది. పర్వతం మీది పరికరాలు ప్రవాహాన్ని పసిగట్టాక ఆ ఊరికి దొరికేది సుమారు గంట. రోడ్లు కార్లతో నిండిపోతాయని అక్కడి బడిపిల్లలు మిట్టకు నడిచే వెళ్లేలా సాధన చేస్తారు.

మన దగ్గర అందరి చూపూ హైవే మీదే. కానీ 2023 జులై చివర్లో నందిగామ దగ్గర ఐతవరం వద్ద మున్నేరు నీరు ఆ హైవే మీదికే వచ్చింది. విజయవాడ, హైదరాబాద్ మధ్య రాకపోకలు ఆగిపోయాయి. రెండడుగుల లోతు పారే నీరు కారును తేల్చేయగలదు. నీటి వేగం రెట్టింపైతే తోపు నాలుగింతలవుతుంది. అందుకే కాలినడకన వెళ్లగల, ఏరు గానీ వాగు గానీ అడ్డురాని మిట్ట దారి ఒకటి ప్రతి భవనానికీ గుర్తించి ఉంచాలి.

మేడెక్కితే సరిపోదా అంటారు. లహర్ అయితే భవనాన్నే ఊడ్చేస్తుంది కాబట్టి మేడ పనికిరాదు. మున్నేరు వరదలో గట్టి కాంక్రీటు భవనం పై అంతస్తు ప్రాణం కాపాడవచ్చు. కానీ అది దారి మూసుకుపోయినవారికి ఆఖరి ఆసరా. మంచినీళ్లు, కరెంటు లేకుండా రోజంతా గడపాల్సి వస్తే ఆసుపత్రిలో బాలింతలు, ఆక్సిజన్ మీద ఉన్నవాళ్లు తట్టుకోలేరు. వాళ్లను అందరికన్నా ముందు, అంబులెన్సు తిరగగల సమయంలోనే పంపేయాలి.

మరో చిక్కు. వరదొస్తే పునరావాస కేంద్రంగా మారేదీ బడే. అది మునిగే చోట ఉంటే జనాన్ని రెండోసారి తరలించాలి, అదీ చీకట్లో. కాబట్టి ఏ బడి ఖాళీ చేయాల్సింది, ఏది జనాన్ని చేర్చుకునేది అన్నది నేల ఎత్తు కొలిచి వేసవిలోనే తేల్చాలి. జూన్‌లో బడులు తెరవగానే ఆ మిట్ట దారిన పిల్లలను ఒకసారి నడిపించి, చిన్న తరగతులకు పట్టే సమయాన్ని ప్రణాళికలో రాసుకోవాలి.