తూటా పనిముట్లు: ఇక్కడి సరదా, అక్కడి చట్టం

హైదరాబాద్‌లో ఎల్బీనగర్ నుంచి విజయవాడ రోడ్డు పట్టుకుని కాస్త ముందుకు వెళ్తే మహావీర్ హరిణ వనస్థలి వస్తుంది. కృష్ణజింకలు తిరిగే ఈ జాతీయ పార్కు ఒకప్పుడు నిజాంల వేట స్థలం. సరూర్‌నగర్, దిల్‌సుఖ్‌నగర్ పక్క ఇన్ని కాలనీలు లేని కాలంలో వేట పెద్దింటి వాళ్ల కాలక్షేపం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఆ ముచ్చటకు అడ్డుకట్ట వేసింది, కానీ వేట సామాను ఇళ్లలో మిగిలింది. తుపాకీ అంటే లైసెన్సు కాగితం ఉంటుంది కాబట్టి దాని లెక్క తేలుతుంది. తూటాలు నింపుకునే చిన్న పనిముట్ల సంగతి ఎవరికీ పట్టదు. అవి ఏ అటక మీదో, ఏ ట్రంకుపెట్టెలోనో ఉండిపోతాయి.

ఆ రోజుల్లో చాలామంది వేటగాళ్లు కాల్చేసిన ఖాళీ తూటాను పారేసేవారు కాదు. పాత క్యాప్ తీసి కొత్తది బిగించి, మందు, గుళ్లు కొలిచి పోసి, పైన అట్టబిళ్ల పెట్టేవారు. 12 బోరు కాగితపు తూటా అంచును లోపలికి మడవడానికి ఒక చేతి యంత్రం ఉండేది. దాన్ని బల్ల అంచుకు బిగించి, కొయ్య పిడి ఉన్న హ్యాండిల్ తిప్పితే కాగితం అంచు గుండ్రంగా లోపలికి చుట్టుకునేది. ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో జేమ్స్ డిక్సన్, హాక్స్‌లీ కంపెనీలు ఈ రకం సామాన్లకు పేరు మోశాయి.

అమెరికాలో ఈ కథ ఇంకోలా నడిచింది. 1884లో జాన్ బార్లో మొదలుపెట్టిన ఐడియల్ కంపెనీ చేతిలో ఇమిడే పనిముట్లు తయారు చేసింది. చూడ్డానికి పట్టకారులా ఉంటాయి. కొన్నింటికి ఒక చివర సీసం పోసే అచ్చు కూడా ఉంటుంది. దుకాణానికి దూరంగా బతికే రైతు పొయ్యి దగ్గరే కూర్చుని గుండు పోసుకుని తూటా కట్టుకునేవాడు. 1925లో ఈ వ్యాపారం లైమన్ కంపెనీ చేతికొచ్చింది. ఆ ఇనుప ముక్క మీద చెక్కిన పేటెంటు తేదీ, తూటా కొలత చదువుతుంటే ఒక కాలపు బతుకుతెరువు కళ్లకు కడుతుంది. ఇక్కడ అమెరికాలో ఉండే మనవాళ్లలో కొందరికి వీటి మీద మోజు పుట్టడంలో వింతేమీ లేదు.

ఈబే, గన్‌బ్రోకర్ లాంటి ఆన్‌లైన్ వేలాల్లో కొనేవారు ముందుగా చూడాల్సింది ఆ చెక్కిన అక్షరాలు. అవి స్పష్టంగా కనపడే ఫొటో అడగండి. కీలు వదులైందా, అచ్చు లోపల తుప్పు గుంటలు పడ్డాయా అని కూడా అడగాలి. మెరిసేలా రుద్దిన వస్తువుకు విలువ తగ్గుతుంది. దాని వయసు ఆ పాత రంగులోనే ఉంటుంది. అసలు పెట్టె, కాగితం ఉంటే విలువ పెరుగుతుంది. మీరు ఇవ్వగల ధర ముందే నిర్ణయించుకుని అక్కడే ఆగండి. వస్తువు చేతికొచ్చాక అచ్చులో సీసం పొడి ఉంటుందని మరవకండి. చేతులు కడుక్కోండి, పిల్లలకు అందనివ్వకండి.

ఇప్పుడు అసలు సంగతి. ఇక్కడ సరదాగా కొన్న ఈ పనిముట్టును సూట్‌కేసులో వేసుకుని దిల్‌సుఖ్‌నగర్‌లో నాన్నగారికి కానుకగా తీసుకెళ్లకండి. భారత ఆయుధాల చట్టం, 1959, రెండో సెక్షన్‌లో మందుగుండు అంటే తూటాలు మాత్రమే కాదు, వాటి భాగాలు, వాటిని తయారుచేసే యంత్రాలు కూడా. దిగుమతికి పదో సెక్షన్ కింద లైసెన్సు కావాలి. వాడకానికి ఉద్దేశించని చిన్న భాగాలకు 45వ సెక్షన్‌లో మినహాయింపు ఉన్నా, అది మీ వస్తువుకు వర్తిస్తుందో లేదో శంషాబాద్ విమానాశ్రయంలో కస్టమ్స్ దగ్గర నిలబడి వాదించుకునే విషయం కాదు. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో జంట పేలుళ్లు జరిగాయి. అక్కడి జనం అది మరిచిపోలేదు. తూటా సామాను అన్న మాటను అక్కడ ఎవరూ తేలిగ్గా తీసుకోరు, తీసుకోకూడదు కూడా.

అక్కడి ఇల్లు అమ్మేటప్పుడో, సర్దేటప్పుడో తాతగారి పెట్టెలో ఇలాంటివి బయటపడితే? పాత తూటాలు, మందు ఉంటే ముట్టుకోవద్దు, విప్పవద్దు. ఉన్నచోటే ఉంచి పోలీసులకు చెప్పండి. ఖాళీ పనిముట్లైతే ఫొటోలు తీసి, ఇంట్లో ఉన్న లైసెన్సు కాగితాలతో పాటు ఒక న్యాయవాదికి చూపించండి. వాటిని అమెరికా తెచ్చి ఇక్కడి వేలంలో పెట్టి డాలర్లు చేసుకుందామనే ఆలోచన రానివ్వకండి. చరిత్ర విలువ ఉండి వందేళ్లు దాటిన వస్తువు 1972 పురావస్తువుల చట్టం కిందికి రావచ్చు. అలాంటి వాటిని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడం నేరం. అనుమానం ఉంటే పురావస్తు శాఖ నుంచి అది పురావస్తువు కాదన్న ధ్రువపత్రం తీసుకోవాలి.

కొన్న దేశంలోనే దాచుకోండి, దొరికిన దేశంలోనే వదిలేయండి. ఆ పనిముట్టు ఎవరిది, ఏ కాలంలో వాడారు, ఎవరి చేతుల మీదుగా వచ్చింది అన్నది మాత్రం పెద్దవాళ్లు ఉండగానే అడిగి రాసిపెట్టండి. ఏ వేలంలోనూ దొరకనిది అదొక్కటే. దాన్ని ఏ దేశానికైనా తీసుకెళ్లొచ్చు, ఏ లైసెన్సూ అక్కర్లేదు.