వీధి గొట్టం – ఇంటి కుళాయి

పాఠ్యభాగ ఉద్దేశం

వీధిలోని ప్రధాన గొట్టం నుండి ఇంటి కుళాయి వరకు నీటిని చేర్చే సర్వీసు పైపు విషయంలో నీటి సరఫరా సంస్థకు, గృహ యజమానికి గల బాధ్యతలను వివరించడం, ఆ రెండు బాధ్యతలు కలిసేచోట పుట్టే ప్రమాదాలను గుర్తింపజేయడం ఈ వ్యాసం ఉద్దేశం.

పాఠ్యభాగం

కడప జిల్లాలోని పోరుమామిళ్ల చెరువు దగ్గర ఒక శిలాశాసనం ఉన్నది. విజయనగర ప్రభువైన మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు ఆ చెరువును నిర్మింపజేసి, క్రీ.శ. 1369లో ఆ శాసనాన్ని వేయించాడు. చెరువు త్రవ్వించడం పుణ్యకార్యమని చెప్పి ఊరకొనక, మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలను, ఉండకూడని ఆరు దోషాలను ఆ శాసనం వరుసగా పేర్కొన్నది. కట్ట నుండి నీరు ఊరడం ఆ దోషాలలో ఒకటి. రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు ఉండడం మరొకటి.

మొదటిది ఎందుకు దోషమో చెప్పనక్కరలేదు. రెండవది ఎందుకు దోషమయింది? సరిహద్దులోని చెరువుకు గండి పడితే దానిని పూడ్చవలసినవారెవరు? ఇటువారు అటువారిదంటారు, అటువారు ఇటువారిదంటారు. వాదం తేలేలోగా చెరువు ఖాళీ అవుతుంది. ఆరున్నర శతాబ్దాల నాటి ఆ హెచ్చరికలోని అంతరార్థం ఇదేనని మనం ఊహించవచ్చు.

నేటి పట్టణవాసి చెరువుకు దూరమయ్యాడు. ఆంధ్రలో కుళాయి అన్నా, తెలంగాణలో నల్లా అన్నా, నీరు అతని ఇంటిలోనికే నడచి వస్తున్నది. అయితే ఆ రెండు దోషాలూ అతనిని విడిచిపోలేదు. అవి అతని గడప ముందు, మట్టి క్రింద, రెండు మూడడుగుల లోతున సర్వీసు పైపులో దాగి ఉన్నాయి.

నీరు ఇంటికి ఎలా వస్తుందో మొదట తెలుసుకొందాం. నదిలోనో జలాశయంలోనో ఉన్న నీటిని శుద్ధి కేంద్రంలో వడగట్టి, క్లోరిన్ కలిపి, ఎత్తైన ట్యాంకులకు ఎక్కిస్తారు. అక్కడి నుండి అది పెద్ద గొట్టాల ద్వారా వీధులలోనికి దిగుతుంది. వీధి పొడవునా సాగే ఈ గొట్టమే మెయిన్ పైపు. దీనికి రంధ్రం చేసి ఫెర్రూల్ అనే ఇత్తడి పరికరాన్ని బిగించి, అక్కడి నుండి ప్రతి ఇంటికీ ఒక సన్నని గొట్టాన్ని తీసుకొనిపోతారు. ఇదే సర్వీసు పైపు. ఇంటి సరిహద్దు దగ్గర నీటిని ఆపడానికి స్టాప్ కాక్, కొలవడానికి మీటరు ఉంటాయి. అటుపై నీరు సంపులోనికి, మోటారు సాయంతో మేడమీది ట్యాంకులోనికి, అక్కడి నుండి కుళాయిలలోనికి చేరుతుంది.

ఈ ప్రయాణంలో మెయిన్ పైపు ఎవరిదన్న సందేహం ఎవరికీ లేదు. అది సంస్థది. ఇంటిలోని కుళాయి ఎవరిదన్న సందేహమూ లేదు. అది యజమానిది. చిక్కంతా నడుమనున్న సర్వీసు పైపుతోనే. భారత జాతీయ భవన నిర్మాణ నియమావళి ఈ గొట్టాన్ని రెండు భాగాలుగా చూసింది. మెయిన్ నుండి బయలుదేరి నీటి సరఫరా సంస్థ అధీనంలో ఉండే భాగం కమ్యూనికేషన్ పైపు. సంస్థకు చెందక, వినియోగదారునికి చెందిన తక్కిన భాగం కన్స్యూమర్ పైపు. మొదటి భాగం ఎక్కడ ముగుస్తుందన్నది సందర్భాన్ని బట్టి మారుతుందని కూడ ఆ నియమావళి సూచించింది. ఇంగ్లండులో కూడ ఇంచుమించు ఇదే పద్ధతి. వీధి గొట్టం నుండి స్థలం సరిహద్దు వరకు నీటి కంపెనీది, అక్కడి నుండి లోపలికి యజమానిది.

మన దేశంలో 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ గృహావసరాలకు నీటి సరఫరాను పురపాలక సంఘాలకు అప్పగించదగిన విధులలో చేర్చింది. హైదరాబాదు మహానగరానికి 1989లోనే ప్రత్యేక చట్టం ద్వారా జలమండలి ఏర్పడింది. నియమాలు ఊరూరికీ కొంత భిన్నంగా ఉంటాయి. ఒకచోట హద్దు స్టాప్ కాక్ దగ్గర, మరొకచోట మీటరు దగ్గర ఉండవచ్చు. అందువల్ల తన ఇంటికి హద్దు ఎక్కడో తెలుసుకోవడం ప్రతి యజమాని మొదటి కర్తవ్యం. కనెక్షన్ మంజూరు పత్రంలోని షరతులను చదివితే ఆ సంగతి తెలుస్తుంది. ఇంటి దస్తావేజులోని నాలుగు హద్దులను పదేపదే చదివేవారు కూడ ఈ ఐదవ హద్దును చదవరు.

ఇప్పుడు ఒక వీధిని ఊహించండి. ఒక ఇంటి ముందు నేల ఎప్పుడూ తడిగా ఉన్నది. గృహ యజమాని “అది మునిసిపాలిటీ పని” అంటాడు. కార్యాలయంలో విచారిస్తే “అది మీ పైపే, మీరే బాగుచేయించుకోండి” అంటారు. అద్దెకున్నవారు “ఇల్లు మాది కాదు కదా” అంటారు. ముగ్గురి మాటలలోనూ ఎంతో కొంత న్యాయం ఉన్నది. అయినా నేల తడిగానే ఉన్నది. ఆ తడి వెనుక ఉన్నది కేవలం నీటి నష్టమే అయితే ఇంత చర్చ అవసరం లేదు.

గొట్టంలో నీరు ఒత్తిడితో ప్రవహిస్తున్నంతసేపు చీలిక నుండి నీరు వెలుపలికి పోతుంది. మన పట్టణాలలో చాలాచోట్ల నీరు రోజుకు కొన్ని గంటలే వస్తుంది. కొన్నిచోట్ల రోజు విడిచి రోజు వస్తుంది. సరఫరా ఆగి గొట్టం ఖాళీ అవుతున్నప్పుడు లోపల ఒత్తిడి తగ్గి, అదే చీలిక నుండి వెలుపలి నీరు లోనికి చొరబడుతుంది. గొట్టం మురుగు కాలువలో నుండి గాని, దాని ప్రక్కగా గాని పోతున్నట్లయితే చొరబడేది మురుగునీరే. మరునాడు కుళాయి తిప్పగానే మొదట వచ్చేది అదే. ఎక్కువ నీటికోసం సర్వీసు పైపుకు నేరుగా మోటారు బిగించేవారు ఈ ప్రమాదాన్ని మరింత పెంచుతున్నారు. మోటారు నీటిని మాత్రమే పీల్చదు. చీలిక చుట్టూ ఉన్నదానినంతటినీ పీలుస్తుంది. అది పొరుగింటి వాటాను తగ్గించడమే గాక, పొరుగింటి నీటిని కూడ కలుషితం చేస్తుంది.

ఇది పుస్తకాలలోని భయం కాదు. 2009 మే నెలలో హైదరాబాదులోని భోలక్‌పూర్‌లో కలుషిత జలం త్రాగి పలువురు మరణించారు. వందలాదిమంది ఆసుపత్రుల పాలయ్యారు. 2018 మార్చిలో గుంటూరు నగరంలో అతిసారం ప్రబలి పలువురు ప్రాణాలు కోల్పోయారు. అప్పుడు కూడ త్రాగునీటిలో మురుగు కలవడమే కారణంగా బయటపడింది. శుద్ధి కేంద్రంలో ఎంత శ్రద్ధగా శుద్ధి చేసినా, చివరి కొన్ని గజాలలో ఆ శ్రమంతా వ్యర్థం కావచ్చునని ఇటువంటి సంఘటనలు తెలుపుతున్నాయి.

మురుగు సమస్య నీరు ఆగి ఆగి వచ్చే ఊళ్లకే పరిమితమని, ఇరవైనాలుగు గంటలూ నీరు వచ్చే సంపన్న దేశాలకు ఈ గొట్టంతో బాధ లేదని అనుకోరాదు. అమెరికాలో పూర్వం సర్వీసు పైపులను చాలాచోట్ల సీసంతో చేసేవారు. సీసానికి రంగు, రుచి, వాసన నీటిలో తెలియవు. అది పసిపిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. 1986లో అక్కడి చట్టం క్రొత్తగా సీసపు గొట్టాలు వేయడాన్ని నిషేధించింది. కాని అప్పటికే భూమిలో ఉన్నవి అలాగే మిగిలిపోయాయి.

ఆ దేశ రాజధాని వాషింగ్టన్‌లో 2000లో నీటిలో క్లోరిన్‌కు బదులు క్లోరమిన్ వాడసాగారు. ఆ మార్పువల్ల గొట్టాల లోపలి పొర కరిగి, సీసం నీటిలో కలిసింది. 2004లో ఈ సంగతి ప్రజలకు తెలిసి ఆందోళన చెలరేగింది. నీటి సంస్థ వేలాది గొట్టాలను మార్చింది. అయితే తన హద్దు వరకే మార్చింది. ఇంటి స్థలంలోని భాగాన్ని యజమాని తన ఖర్చుతో మార్చుకోవాలన్నది. చాలామంది మార్చుకోలేదు. ఫలితంగా ఒకే గొట్టంలో సగం క్రొత్త రాగి, సగం పాత సీసం మిగిలాయి. ఈ సగం మార్పువల్ల పిల్లలకు సీసం ముప్పు తగ్గలేదని తరువాతి పరిశోధనలు తేల్చాయి. త్రవ్వకంలో పాత గొట్టం కదలడంవల్ల కొంతకాలం సీసం మరింత ఎక్కువగా కూడ రాలుతుంది. చట్టప్రకారం సంస్థ చేసినదానిలో తప్పు లేదు. కాని నీరు ఆ హద్దు దగ్గర ఆగి, చట్టాన్ని చదివి, శుభ్రపడి లోనికి రాలేదు.

మిషిగన్ రాష్ట్రంలోని ఫ్లింట్ నగరంలో 2014 ఏప్రిల్‌లో మరొక విపత్తు సంభవించింది. ఖర్చు తగ్గించుకొనడానికి ఆ నగరం తన నీటి వనరును మార్చి ఫ్లింట్ నది నీటిని సరఫరా చేసింది. గొట్టాలు తినివేయబడకుండా కలుపవలసిన రసాయనాన్ని కలపలేదు. సీసం ఇళ్లలోనికి ప్రవహించింది. నీరు రంగు మారిందని ప్రజలు మొరపెట్టుకొన్నా అధికారులు చాలాకాలం పెడచెవిని పెట్టారు. 2015లో మోనా హన్నా అటీషా అనే పిల్లల వైద్యురాలు పిల్లల రక్తంలో సీసం పెరిగినదని లెక్కలతో నిరూపించిన తరువాతనే కదలిక వచ్చింది. ఇక్కడ గృహ యజమాని చేయగలిగినది స్వల్పం. నీటి గుణం పూర్తిగా సంస్థ చేతిలోని బాధ్యత.

న్యూజెర్సీలోని నెవార్క్ నగరం ఈ అనుభవాల నుండి పాఠం నేర్చుకొన్నది. అక్కడి నివాసులలో అధికులు అద్దెదారులు. గొట్టం మార్చడానికి యజమాని అనుమతి కావాలి. ఆ యజమాని ఎక్కడో దూరాన ఉంటాడు. ఆ నీటిని త్రాగేది అతడు కాదు, అద్దెకున్నవారి పిల్లలు. 2019లో నగరపాలకులు ఒక శాసనం చేసి, యజమాని అనుమతి లేకున్నను గొట్టం మార్చే అధికారాన్ని పొందారు. ఎసెక్స్ కౌంటీ 12 కోట్ల డాలర్ల ఋణంతో తోడ్పడింది. యజమానులపై భారం మోపకుండా దాదాపు 23,000 సీసపు గొట్టాలను మూడేండ్ల లోపే పూర్తిగా మార్చివేశారు. హద్దును చెరిపివేయలేదు గాని, ప్రాణాపాయం ఉన్నప్పుడు హద్దు అడ్డు కాకూడదని నిర్ణయించారు.

ఇక మన కర్తవ్యాలను విచారిద్దాం. సంస్థ బాధ్యతలు నాలుగు. సురక్షితమైన నీటిని ఇవ్వడం మొదటిది. భారత ప్రమాణాల ప్రకారం కుళాయి నీటిలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. మెయిన్ పైపును, తన అధీనంలోని సర్వీసు భాగాన్ని సంరక్షించడం రెండవది. మురుగు కాలువలకు దూరంగా గొట్టాలు ఉండేటట్లు చూడడం మూడవది. ఫిర్యాదు అందిన వెంటనే పరీక్షించి, లోపం ఎవరి భాగంలో ఉన్నదో నిర్ధారించి చెప్పడం నాలుగవది. “మాది కాదు” అన్నమాట పరీక్షకు తరువాత రావాలే గాని ముందు రాకూడదు.

గృహ యజమాని బాధ్యతలు కూడ తక్కువవి కావు. తన భాగంలోని తుప్పుపట్టిన గొట్టాన్ని సకాలంలో మార్చాలి. అనుమతి లేని కనెక్షన్ తీసుకోరాదు. సర్వీసు పైపుకు మోటారు బిగించరాదు. సంపును, ట్యాంకును మూతపెట్టి ఉంచి, అప్పుడప్పుడు కడిగించాలి. సంపుకు, మరుగుదొడ్డి గుంటకు నడుమ తగినంత దూరం పాటించాలి. అద్దెదారుడు చెప్పిన లోపాన్ని తన ఇంటి లోపంగానే భావించాలి.

లోపం ఎవరి భాగంలో ఉన్నదో కనుగొనడానికి మీటరు చక్కని సాధనం. నీరు వచ్చే సమయంలో సంపులోనికి, ట్యాంకులోనికి పోయే వాల్వులతో సహా ఇంటిలోని కుళాయిలన్నింటినీ కట్టివేసి మీటరును గమనించాలి. అప్పటికీ ముల్లు తిరుగుతున్నదంటే మీటరుకు ఇవతల, అంటే ఇంటి భాగంలో నీరు కారుతున్నది. ముల్లు కదలక, మీటరుకు అవతల నేల తడిగా ఉంటే లోపం వీధి భాగంలో ఉండే అవకాశం ఎక్కువ. పది నిమిషాల ఈ పరీక్ష పది రోజుల వాదాన్ని నివారిస్తుంది. హైదరాబాదులో 2021 జనవరిలో నెలకు 20,000 లీటర్ల ఉచిత నీటి పథకం మొదలైనప్పుడు పనిచేసే మీటరు ఉండాలన్న నిబంధన పెట్టడంతో చాలామంది మీటరు వైపు చూశారు. ఉచితం కోసమే గాక ఆరోగ్యం కోసం కూడ దానిని చూడవలసి ఉన్నది. నీరు రంగు మారినా, దుర్వాసన వచ్చినా త్రాగడం మాని, ఇరుగుపొరుగువారిని హెచ్చరించి, ఫిర్యాదును వ్రాతపూర్వకంగా ఇచ్చి, దాని సంఖ్యను భద్రపరచుకోవాలి.

హద్దులు అవసరమే. ఖర్చు ఎవరు భరించాలో, పని ఎవరు చేయాలో అవి నిర్ణయిస్తాయి. హద్దు లేనిచోట ఎవరికీ బాధ్యత ఉండదు. అయితే హద్దు ఖర్చును విభజిస్తుంది గాని నీటిని విభజించదు. వీధిలో చెడిన నీరే ఇంటిలోనికి వస్తుంది. ఒక ఇంటిలో చెడిన నీరు వీధినంతటినీ చెరుపుతుంది. పోరుమామిళ్ల శాసనకర్త సరిహద్దు చెరువును దోషమన్నాడు. మన సర్వీసు పైపును సరిహద్దు నుండి తప్పించడం సాధ్యం కాదు. కనుక తన హద్దును తాను తెలుసుకొని, దానికి ఒక్క అడుగు అవతలి వరకు కూడ కన్నువేసి ఉంచడమే ఇరువురికీ శ్రేయస్కరం. రేపు ఇంటికి వెళ్లినప్పుడు మీ ఇంటి మీటరు ఎక్కడున్నదో, దాని ముందరి నేల పొడిగా ఉన్నదో లేదో ఒకసారి చూడండి.

ప్రశ్నలు

1. పోరుమామిళ్ల శాసనం పేర్కొన్న దోషాలకు, నేటి సర్వీసు పైపుకు గల పోలికను వివరించండి.
2. సరఫరా ఆగినప్పుడు త్రాగునీటి గొట్టంలోనికి మురుగు ఎలా చేరుతుంది?
3. వాషింగ్టన్, నెవార్క్ నగరాలు సీసపు గొట్టాల సమస్యను ఎదుర్కొన్న తీరులోని భేదాన్ని తెలపండి.
4. “హద్దు ఖర్చును విభజిస్తుంది గాని నీటిని విభజించదు.” సమర్థించండి.
5. మీ ఇంటి ముందు నీరు కారుతున్నదని తెలుపుతూ నీటి సరఫరా విభాగం అధికారికి లేఖ వ్రాయండి.