ఏ వస్తువుకు ఏ జిగురు?

ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో రెండు పలకలను అతకవలసివస్తే, అది ఏ లోహమో తెలుసుకొన్న పిమ్మటనే తగిన వెల్డింగు రాడ్డును ఎంచుకొంటారు. అదే ఉద్యోగి క్వార్టరుకు చేరిన తరువాత, ఏది విరిగినా ఫెవిక్విక్ ట్యూబు కొరకే వెదకుతాడు! జిగురు ఎంత గట్టిది అనుటకంటె, అది ఏ పదార్థమును పట్టుకొంటుందన్నదే ముఖ్యము.

సెలవులకు స్వస్థలము వెళ్లి తెచ్చుకొన్న కొండపల్లి బొమ్మ చేయి ఊడినదనుకొందాము. ఆ బొమ్మ తేలికైన పొణికి కర్రతో చేసినది. అవయవాలను విడివిడిగా చెక్కి, చింతగింజల జిగురులో రంపపుపొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. పల్చని ఫెవిక్విక్ అటువంటి కర్రలోనికి ఇంకిపోయి, అతుకువద్ద మిగలదు. దీనికి ఫెవికాల్ వంటి తెల్ల జిగురే తగినది. విరిగినచోట పాత మక్కును, రంగును గీకి, రెండువైపులా పలుచగా రాసి, దారముతో కట్టి ఒక దినము కదపకుండా ఉంచవలెను. సందు మిగిలినచో అదే జిగురులో మెత్తని రంపపుపొట్టు కలిపి పూడ్చవచ్చును. తెల్ల జిగురు అందులోని నీరు పోయిన పిదపనే గట్టిపడుతుంది. కనుక ఇక్కడి వానాకాలపు తేమలో మరొక దినము ఓపిక పట్టుట మంచిది.

పింగాణీకి, లోహానికి అరాల్డైట్ వంటి రెండు ట్యూబుల జిగురు ఉత్తమము. రెండింటిని చెప్పిన పాళ్లలో కలిపి, రాత్రంతా వదలివేయవలెను. అయితే పిడి అతికించిన కప్పులో వేడి తేనీరు పోయరాదు. వేడికి అతుకు మెత్తబడి, పిడి చేతిలోనే మిగిలిపోవచ్చును. అటువంటి కప్పును పూలమొక్కకు కేటాయించుటయే మేలు.

చెప్పుల అడుగుకు రబ్బరు జిగురును రెండువైపులా రాసి, తడి ఆరి చేతికి జిడ్డుగా తగిలేవరకు ఆగి, అప్పుడు నొక్కవలెను. మైనమువలె నున్నగా ఉండే ప్లాస్టిక్ బకెట్టుకు మాత్రం మామూలు జిగురేదీ నిలువదు. బజారులో ఎవరేమి చెప్పినా నమ్మవద్దు. దానిని వేడితో కరిగించి అతకవలసినదే.

ఫెవిక్విక్ వాడుచున్నప్పుడు చేతిలో నూలుగుడ్డ ఉండరాదు. ఆ జిగురు నూలుకు తగిలితే ఒక్కసారిగా వేడెక్కి చర్మము కాలవచ్చును. వేళ్లు అతుక్కొన్నచో లాగక, గోరువెచ్చని సబ్బునీటిలో నాననిచ్చి మెల్లగా విడదీయవలెను. పిల్లల కంటిలో పడినచో రెప్పలను బలవంతముగా తెరువరాదు. నీటితో కడిగి వెంటనే ఆసుపత్రికి తీసుకొనిపోవలెను.