ఏ నదికి వెళ్దాం?

ఈ వేసవిలో ర్యాఫ్టింగ్ అనుకోగానే ఇంట్లో పేచీ మొదలైంది. "నాన్నా, మిడిల్ ఫోర్క్‌కే వెళ్దాం" అని పదహారేళ్ల మా అబ్బాయి పట్టుబట్టాడు.

మేముండే శాక్రమెంటో దగ్గర అమెరికన్ నదికి మూడు పాయలు. ర్యాఫ్టింగ్‌లో నీటి ఉద్ధృతిని 1 నుంచి 6 తరగతులుగా లెక్కిస్తారు. మిడిల్ ఫోర్క్‌లో 4వ తరగతి ఉరవళ్లున్నాయి. సౌత్ ఫోర్క్ 3వ తరగతి. పైనున్న చిలీ బార్ డ్యామ్ నుంచి నీళ్లు వదులుతారు కాబట్టి ఎండాకాలంలోనూ అక్కడ పడవలు నడుస్తాయి. పిల్లలకు ఎన్నేళ్లుండాలన్నది నదిని బట్టి మారుతుంది, ముందే కనుక్కోవాలి.

ఫోన్ చేస్తే గైడ్ అడిగింది ఒక్కటే: "మీలో అందరికంటే భయపడేదెవరు? వాళ్లను బట్టి నది చెబుతా." పదేళ్ల పాప పేరు చెప్పబోయాను. "మీరే కదండీ" అని మా ఆవిడ నవ్వింది. నిజమే. గోదావరి ఒడ్డున పుట్టినా నాకు ఈత రాదు.

సౌత్ ఫోర్కే ఖాయం చేశాం. ట్రబుల్‌మేకర్ ఉరవడి దగ్గర పడవ ఎగిరిపడి అబ్బాయి నీళ్లలో పడ్డాడు. గైడ్ లైఫ్ జాకెట్ పట్టుకుని పైకి లాగాడు. 1848లో బంగారం దొరికిన కొలోమా దగ్గర ఒడ్డు చేరాక, వణుకుతూనే నా పక్కకు వచ్చాడు.

"మిడిల్ ఫోర్క్ సంగతి వచ్చే ఏడాది చూద్దాంలే నాన్నా!"