లంబసింగి నుంచి కాలేజీ దాకా: ఎనిమిదో తరగతిలో మొదలవ్వాల్సిన లెక్క

డిసెంబరు వచ్చిందంటే లంబసింగికి తెల్లవారకముందే జనం చేరతారు. చెరువులవేనం కొండ మీద మబ్బుల సముద్రం చూడటానికి కార్లు బారులు తీరతాయి. రోడ్డు పక్కన టీ కొట్లు, నెగళ్లు, స్ట్రాబెర్రీ తోటలు సందడిగా ఉంటాయి. అవే రోజుల్లో కాఫీ తోటల్లో పండు కోత సాగుతుంది. ఇంట్లో ఎన్ని చేతులున్నా పని చాలని కాలం అది.

ఎనిమిదో తరగతి పిల్లలు రాసే ఎన్ఎంఎంఎస్ (నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్) ఉపకారవేతనం పరీక్ష కూడా కొన్నేళ్లుగా మన రాష్ట్రంలో డిసెంబరులోనే జరుగుతోంది. పదో తరగతి పిల్లలకు అప్పటికి పబ్లిక్ పరీక్షలు మూడు నెలల దూరంలో ఉంటాయి. పంట క్యాలెండరు ఈ కొండల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. చదువుల క్యాలెండరును మాత్రం ఎవరో ఒకరు కూర్చోబెట్టి చెప్పాలి.

కౌన్సెలింగ్ అనగానే మనకు వెబ్ ఆప్షన్లు, సీటు కేటాయింపు గుర్తొస్తాయి. అది చివరి మెట్టు. ఏ తరగతిలో ఏ పరీక్ష రాయాలి, ఏ కాగితం సిద్ధం చేసుకోవాలి, ఏ గ్రూపు తీసుకుంటే ఏ దారి తెరుచుకుంటుంది అని నాలుగేళ్ల ముందు నుంచే పిల్లలతో, తల్లిదండ్రులతో లెక్క వేయించడమే అసలు కౌన్సెలింగ్. లంబసింగి ఉన్న చింతపల్లి మండలంలో ఒక విద్యార్థికి ఆ లెక్క ఎలా ఉంటుందో అంకెలతో చూద్దాం.

21.2: దేశం ఎక్కడుంది?

ఉన్నత విద్యపై కేంద్రం చేసే అఖిల భారత సర్వే ప్రకారం 2021-22లో దేశంలో 18 నుంచి 23 ఏళ్ల వయసు వర్గానికి ఉన్నత విద్యలో స్థూల నమోదు నిష్పత్తి (ఆ వయసువారు ప్రతి 100 మందికి చదువులో నమోదైనవారు) 28.4. గిరిజనుల్లో అది 21.2. ఏడేళ్ల ముందు, 2014-15లో, గిరిజనుల అంకె 13.7 మాత్రమే. అంటే పిల్లలు కదిలారు, వేగంగానే కదిలారు. కాలేజీల్లో చేరిన గిరిజన విద్యార్థుల సంఖ్య ఆ కాలంలో 16.41 లక్షల నుంచి సుమారు 27.1 లక్షలకు పెరిగింది.

అయినా దూరం మిగిలే ఉంది. 2011 జనాభా లెక్కల్లో దేశంలో గిరిజనుల వాటా 8.6 శాతం. కాలేజీల్లో ఉన్న 4.33 కోట్ల మందిలో 8.6 శాతమంటే సుమారు 37 లక్షలు కావాలి. ఉన్నది 27 లక్షలు. ఆ పది లక్షల ఖాళీలో మన కొండల పిల్లలూ ఉన్నారు.

48,000: ఎనిమిదో తరగతి

మొదటి తలుపు ఎన్ఎంఎంఎస్. ఎంపికైన విద్యార్థికి తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ రెండో సంవత్సరం దాకా ఏడాదికి 12,000 రూపాయలు వస్తాయి. నాలుగేళ్లకు 48,000. దేశం మొత్తానికి ఏటా లక్ష ఉపకారవేతనాలు. కుటుంబ వార్షికాదాయం 3.5 లక్షలు మించకూడదు. పరీక్షలో మేధాశక్తికి 90, చదువుకున్న పాఠాలకు 90, మొత్తం 180 ప్రశ్నలు. అర్హతకు ఎస్సీ, ఎస్టీలు కానివారికి 40 శాతం కావాలి, ఎస్టీలకు 32 శాతం చాలు. అంటే 180కి 58 మార్కులు. ఆ పైన ఎంపిక ప్రతిభను బట్టి ఉంటుంది కనుక 58 దగ్గర ఆగకూడదు.

ఇక్కడే తల్లిదండ్రులు గమనించాల్సిన నిబంధన ఒకటుంది. ప్రభుత్వమే వసతి, భోజనం ఇచ్చే రెసిడెన్షియల్ పాఠశాలల పిల్లలకు ఈ ఉపకారవేతనం వర్తించదు. ఇంటి నుంచి జిల్లా పరిషత్ హైస్కూలుకు నడిచి వెళ్లే పిల్లలకు వర్తిస్తుంది. ఆశ్రమ పాఠశాల మానుకోమని చెప్పడం లేదు. అన్నం, పడక, చదువు ఒక్కచోట దొరికే ఆ బడులే లేకపోతే ఎందరో పిల్లలు ఐదో తరగతి దాటేవారు కాదు. ఏ బడిలో చేరితే ఏ తలుపు తెరుచుకుంటుందో, ఏది మూసుకుంటుందో చేరేముందే తెలియాలి.

ఒక్క అక్షరం: తొమ్మిదో తరగతి

తొమ్మిదో తరగతిలో రాయాల్సిన పెద్ద ప్రవేశ పరీక్ష ఏదీ లేదు. అందుకే కాగితాలు సరిచేసుకోవడానికి ఇదే సరైన ఏడాది.

ఈ కొండల్లో ఇంటిపేరంటే కులగోత్రం, చరిత్ర. కొర్రా అంటే సూర్యుడు, కిల్లో అంటే పులి, పాంగి అంటే గద్ద. ఆ పేరు ఆధార్‌లో ఒకలా, స్కూలు రిజిస్టరులో ఒకలా, బ్యాంకు పుస్తకంలో మరోలా ఉంటే ఉపకారవేతనం దరఖాస్తు అక్కడే ఆగుతుంది. పదో తరగతి నామినల్ రోల్స్‌లో ఏ అక్షరాలు వెళతాయో మార్కుల మెమో మీద అవే అచ్చవుతాయి. అచ్చయ్యాక దిద్దించుకోవడం చాలా కష్టం.

కాబట్టి తొమ్మిదో తరగతి ముగిసేలోపు ఐదు సిద్ధంగా ఉండాలి: పేరు, పుట్టిన తేదీ సరిపోలిన ఆధార్, కుల ధ్రువీకరణ పత్రం, ఆదాయ ధ్రువీకరణ పత్రం, ఆధార్‌తో అనుసంధానమైన బ్యాంకు ఖాతా, మార్చకుండా ఉంచుకునే ఒక ఫోన్ నంబరు. ఓటీపీలన్నీ ఆ నంబరుకే వస్తాయి. రీఛార్జి చేయక ఆ సిమ్ మూలపడితే దరఖాస్తు మధ్యలోనే నిలిచిపోతుంది. కేంద్ర విద్యాసంస్థలకు కుల ధ్రువీకరణ పత్రం కేంద్ర ప్రభుత్వ నమూనాలో కావాలి. దాన్ని కూడా ముందే తీసుకోవడం మంచిది.

600: పదో తరగతి, నాలుగు దారులు

పదో తరగతికి 600 మార్కులు. ప్యాసవడానికి ఒక లెక్క, దారి తెరవడానికి మరో లెక్క. జూన్‌లో ఫలితం చేతిలో పెట్టుకుని ఆలోచిస్తే కొన్ని దరఖాస్తుల గడువు అప్పటికే దాటిపోతుంది.

మొదటి దారి ఇంటర్. చింతపల్లిలో ప్రభుత్వ జూనియర్ కాలేజీ, ఆ పైన ప్రభుత్వ డిగ్రీ కాలేజీ ఉన్నాయి. లంబసింగి నుంచి చింతపల్లి సుమారు 20 కిలోమీటర్లు.

రెండోది ట్రిపుల్ ఐటీ. నూజివీడు, ఇడుపులపాయ, ఒంగోలు, శ్రీకాకుళం క్యాంపస్‌ల్లో ఆరేళ్ల కోర్సు: రెండేళ్లు ఇంటర్‌తో సమానమైన చదువు, నాలుగేళ్లు బీటెక్. ప్రవేశ పరీక్ష లేదు, పదో తరగతి మార్కులే ఆధారం. వసతి లేని ప్రభుత్వ బడుల్లో చదివినవారికి 4 శాతం మార్కులు అదనంగా కలుపుతారు. ఎన్ఎంఎంఎస్ దగ్గర చూసిన తేడా ఇక్కడా కనిపిస్తుంది.

మూడోది పాలిటెక్నిక్. పాలిసెట్‌లో 120 ప్రశ్నలు: లెక్కలు 50, భౌతికశాస్త్రం 40, రసాయనశాస్త్రం 30. తప్పు జవాబుకు మార్కు కోత లేదు. ఎస్సీ, ఎస్టీలు కానివారికి ర్యాంకు రావాలంటే కనీస అర్హత మార్కులు కావాలి, ఎస్టీలకు ఆ నిబంధన లేదు. పాడేరులో వసతితో కూడిన ప్రభుత్వ పాలిటెక్నిక్ ఉంది. మూడేళ్ల డిప్లొమా తరువాత ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరవచ్చు.

నాలుగోది ఇంటి పక్కనే ఉన్న దారి. చింతపల్లిలో ఆచార్య ఎన్జీ రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయానికి ప్రాంతీయ పరిశోధన స్థానం ఉంది, సేంద్రియ వ్యవసాయ పాలిటెక్నిక్ ఉంది. కాఫీ, మిరియం, రాజ్‌మా, పసుపు పండించే ఇళ్ల పిల్లలకు వ్యవసాయ డిప్లొమా అంటే తాతల నాటి అనుభవానికి శాస్త్రం తోడవడమే.

75, 25: ఇంటర్‌లో మార్కుల విలువ

ఏపీ ఈఏపీసెట్‌లో 160 ప్రశ్నలు, 3 గంటలు. ర్యాంకులో ప్రవేశ పరీక్షకు 75 శాతం, ఇంటర్ గ్రూపు సబ్జెక్టులకు 25 శాతం వెయిటేజీ. గ్రూపు మార్కులు 4 శాతం పెరిగితే ర్యాంకు లెక్కలో 1 పాయింటు కలుస్తుంది. ప్రవేశ పరీక్షలో అదే పాయింటు రావాలంటే రెండు మార్కులకు కాస్త పైన తెచ్చుకోవాలి. నగరంలో ఖరీదైన కోచింగ్ తీసుకోలేని విద్యార్థికి ఇంటర్ పాఠ్యపుస్తకమే ఆసరా. ఇంజినీరింగ్‌లో చేరడానికి ఇంటర్ గ్రూపు సబ్జెక్టుల్లో రిజర్వుడు వర్గాలకు 40 శాతం ఉండాలి. ఈఏపీసెట్‌లో ఎస్టీలకు కనీస అర్హత మార్కు లేదు.

ఐఐటీ, ఎన్ఐటీల్లో సీటుకు ఎస్టీ విద్యార్థికి ఇంటర్‌లో 65 శాతం ఉండాలి, లేదా బోర్డులో తన వర్గంలో మొదటి 20 పర్సంటైల్‌లో నిలవాలి. జేఈఈ మెయిన్ నుంచి అడ్వాన్స్‌డ్‌కు 2.5 లక్షల మందిని పంపుతారు. అందులో ఎస్టీల 7.5 శాతం అంటే 18,750 మంది. 2024లో ఐఐటీల్లో 17,740 సీట్లుండగా, ఎస్టీ వాటా సుమారు 1,330. ఐఐటీల్లో ఎస్టీ విద్యార్థులకు ట్యూషన్ ఫీజు పూర్తిగా మాఫీ.

నీట్ 720 మార్కులకు. ఎస్టీలకు అర్హత 40 పర్సంటైల్. పర్సంటైల్‌ను శాతంగా పొరబడేవారు చాలామంది. రాసిన ప్రతి 100 మందిలో సుమారు 40 మందిని దాటడమే 40 పర్సంటైల్. అది అర్హత మాత్రమే, సీటుకు మంచి ర్యాంకు కావాలి. పాడేరులోనే 2024-25లో ప్రభుత్వ వైద్య కళాశాల 50 ఎంబీబీఎస్ సీట్లతో మొదలైంది. డాక్టరంటే విశాఖలో ఉండే మనిషి అనుకున్న పిల్లలకు ఇప్పుడు వైద్య కళాశాల భవనం కళ్లెదుటే ఉంది.

ఎంపీసీ, బైపీసీ తీసుకోనివారికి దారులు మూసుకుపోవు. హెచ్ఈసీ, సీఈసీ చదివినవారు డిగ్రీ, న్యాయశాస్త్రం, పర్యాటకం వైపు వెళ్లవచ్చు. 2019లో చట్టసవరణతో వచ్చిన ఆంధ్రప్రదేశ్ కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం విజయనగరం జిల్లాలో నడుస్తోంది. అక్కడ చేరాలనుకునేవారు సీయూఈటీ ప్రవేశ పరీక్ష గురించి తెలుసుకోవాలి.

ఇంకో మాట. ఏజెన్సీలో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చిన 2000 నాటి జీవో 3ను సుప్రీం కోర్టు 2020 ఏప్రిల్ 22న కొట్టివేసింది. డైట్ (ఉపాధ్యాయ శిక్షణ సంస్థ)లో చేరి ఊళ్లోనే టీచరవ్వడం ఒక తరానికి తెలిసిన దారి. అది ఇప్పటికీ గౌరవమైన దారే. కానీ పోటీ పెరిగింది కాబట్టి దానితోపాటు రెండో దారిని కూడా పిల్లలకు చూపాలి.

2.5 లక్షలు: డబ్బు లెక్క

పదో తరగతి తరువాతి చదువుకు పోస్ట్ మెట్రిక్ ఉపకారవేతనం ఉంది. ఎస్టీ కుటుంబానికి ఆదాయ పరిమితి ఏడాదికి 2.5 లక్షలు. ఖర్చులో కేంద్రం 75 శాతం, రాష్ట్రం 25 శాతం భరిస్తాయి. పేరున్న జాతీయ సంస్థల్లో సీటొస్తే మరో పథకం ఉంది. దానికి ఆదాయ పరిమితి 6 లక్షలు, ఏటా 1,000 మందికి ఇస్తారు. రాష్ట్రంలో 2025లో మొదలైన తల్లికి వందనం ఇంటర్ పిల్లలకూ వర్తిస్తుంది. 15,000లో 13,000 తల్లి ఖాతాలో పడుతుంది. దీనికి 75 శాతం హాజరు ఉండాలి. కాఫీ కోత రోజుల్లో వరుసగా బడి మానితే చేతికొచ్చే కూలి ఎంత, చేజారే డబ్బు ఎంత అన్నది తల్లిదండ్రులు ఒక్కసారి లెక్క వేసుకోవాలి.

45 గంటలు: బడి చేయగలిగింది

అమెరికాలో బడి కౌన్సెలర్ల సంఘం 250 మంది విద్యార్థులకు ఒక కౌన్సెలర్ ఉండాలని సూచిస్తుంది. గిరిజన పిల్లల కోసం నడిచే ఒక్కో ఏకలవ్య పాఠశాలలో 480 మంది ఉంటారు. ఆ లెక్కన ఇద్దరు కావాలి. అలాంటి నియామకాల కోసం ఎదురుచూస్తూ కూర్చోనక్కర్లేదు. పదో తరగతిలో 60 మంది ఉన్న బడిని ఊహించండి. ఒక్కొక్కరితో 15 నిమిషాలు మాట్లాడితే 15 గంటలు. ఏడాదిలో మూడుసార్లు మాట్లాడితే 45 గంటలు. పది నెలలకు పంచితే వారానికి గంట. ఒక ఉపాధ్యాయురాలికి వారంలో ఆ ఒక్క గంట కేటాయిస్తే ప్రతి విద్యార్థికీ ఒక కాగితం తయారవుతుంది: ఇప్పటి మార్కులు, ఇష్టమైన దారి, రెండో దారి, రాయాల్సిన పరీక్ష, దాని గడువు.

ఆ మాటలు ఇంటికి కూడా చేరాలి. ఇక్కడ చాలా ఇళ్లలో ఆదివాసీ ఒడియా, కువి మాట్లాడతారు. ఆ భాషలో చెప్పాలంటే అదే ఊరి నుంచి కాలేజీకి వెళ్లిన అక్కలు, అన్నలు కావాలి. సంక్రాంతికి, ఇటుకల పండగకు వాళ్లు ఊరికొస్తారు. పండగలో ఒక పూట, వారపు సంతలో ఒక గంట తల్లిదండ్రులతో కూర్చుంటే చాలు. మార్చి పరీక్షలయ్యాక, ఫలితాలు రాకముందు వచ్చే ఏప్రిల్ రోజులు ఇందుకు బాగా పనికొస్తాయి.

మార్కులతో పాటు మనసునూ చూడాలి. హాస్టల్‌లో ఇంటి బెంగ, ఫెయిలవుతామన్న భయం చెప్పుకోలేని పిల్లలుంటారు. అలాంటివారికి మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ ఉంది. నంబరు 14416. ఉచితం, రోజంతా పనిచేస్తుంది. ఈ నంబరును ప్రతి తరగతి గదిలో గోడ మీద రాయించాలి.

కాఫీ వేసే రైతుకు ఒక సంగతి తెలుసు. ముందు సిల్వర్ ఓక్ నీడ పెరగాలి, ఆ నీడలో మొక్క నిలవాలి, మూడు నాలుగేళ్లకు కాపు వస్తుంది. ఎనిమిదో తరగతి తరువాత ఇంటర్ పూర్తవడానికి పట్టేదీ నాలుగేళ్లే. అమ్మా, అయ్యా, ఈ వారమే బడికి వెళ్లి రిజిస్టరులో మీ బిడ్డ పేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో సరిచూడండి. రాబోయే పరీక్ష ఏది, గడువు ఎప్పుడు అని టీచరుగారిని అడగండి. ఆ తేదీని ఇంట్లో గోడ క్యాలెండరు మీద, కాఫీ కోత రోజుల పక్కనే రాసి పెట్టండి.